ఎలిఫ్ ఇచ్చిన మాట

దర్శి,
సోమవారం

కరుణాకర్ తమ్ముడూ,

నువ్వు పెళ్లాడతానన్న ఎలిఫ్ నాకు ఫోన్లో టర్కిష్ నేర్పుతోందని చెప్పానుగా. రెండు నెలలుగా ఆ పిల్ల పేరెత్తితేనే అమ్మ లేచి వెళ్లిపోయేది. నిన్న మిరపకాయల తొడిమలు తీస్తూ మా పాఠం వింది. వాళ్ల భాషలోనూ క్రియ వాక్యం చివరే వస్తుందనీ, మనలాగే సిగరెట్టు ‘తాగుతారనీ’, దెబ్బలు ‘తింటారనీ’ అమ్మకి చెప్పాను.

“మాట కూడా ఇస్తారా?” అంది.

“ఇస్తారమ్మా.”

“అయితే నా కొడుకు చెయ్యి వదలనని మాటిమ్మను.”

వచ్చీరాని టర్కిష్‌లో ఎలిఫ్‌ని అడిగాను. “సోజ్ వెరియోరుమ్” అంది. ‘మాట ఇస్తున్నాను’ అని అర్థం.

అమ్మ ఫోను లాక్కుని తెలుగులోనే, “ఎప్పుడొస్తున్నావే కోడలుపిల్లా?” అంది. దాన్ని టర్కిష్‌లో ఎలా చెప్పాలో నాకింకా రాదు. ఎలిఫ్‌కి మాత్రం అర్థమైపోయింది.

ఇద్దరూ తొందరగా రండి.

మీ అక్క