చుక్క కారని గేరుబాక్సు

చిరంజీవి మెకానిక్ అబ్బాయికి,

పెదనాన్న దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, కారే బాగా లేదు. ఆటోమేటిక్ కదా, లివరు డ్రైవులోకి లాగితే చాలు కదిలేది. ఇప్పుడు ఇంజను అరుస్తుంది, బండి ఆలోచిస్తుంది, ఆలోచించి ఆలోచించి ఒక్క దూకు దూకుతుంది. మీ నాన్నా నేనూ కలిసి డ్రైవింగు నేర్చుకున్న బండి. పాత ఇనుము కొట్టువాడు రోజూ గేటు దగ్గర ఆగి పలకరిస్తున్నాడు. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
పెదనాన్న

తా.క. మీ పెద్దమ్మ దీన్ని సవతి అంటుంది. పోతే పీడా పోతుందట.

పెదనాన్నకు నమస్కారాలు.

గేరుబాక్సులో ఆయిలు తగ్గినట్టుంది. బండి వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి చూడండి. తగ్గితే పోయండి. మళ్లీ తగ్గిందంటే కిందికైనా కారుతుండాలి, ఇంజనైనా పీల్చుకుని కాల్చేస్తుండాలి. నేల మీద ఎర్ర మరకలున్నాయా, వెనక తెల్ల పొగ వస్తోందా రాయండి.

మీ అబ్బాయి

తా.క. లివరు పార్కులో పెట్టి, హ్యాండుబ్రేకు వేశాకే దిగండి. బండి దానంతటదే జారి గోడని గుద్దిన సంగతి గుర్తుందిగా.

అబ్బాయీ,

ఆయిలు పోశాను. రెండు రోజులు పెళ్లికొడుకులా తిరిగింది, మళ్లీ అదే పాట. పొద్దున్నే కారు కింద చూశాను. షెడ్డు నేల అద్దంలా ఉంది, ఒక్క చుక్క లేదు. వంగింది నేనొక్కణ్ణే, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. పొగ కూడా లేదు, పక్కింటి మాస్టారి చుట్టది తప్ప.

పెదనాన్న

తా.క. ఆయన్నీ అనుమానించాను గానీ, చుట్ట ఆర్పినా ఆయిలు తగ్గుతోంది.

పెదనాన్నా,

కారదు, కాలదు, అయినా తగ్గుతుంది. ఇలాంటి జబ్బు నేనెక్కడా చూడలేదు. గేరుబాక్సు దింపి విప్పాల్సిందే. ఆ మోడలుకి లోపలి సామాను దొరకదు, విప్పితే మళ్లీ బిగించే ఆశ లేదు. చెప్పడానికి నోరు రావడం లేదు. మనసు రాయి చేసుకోండి.

మీ అబ్బాయి

తా.క. అమ్మే ముందు డాష్‌బోర్డు గడియారం ఊడదీసి నాకుంచండి. చిన్నప్పట్నుంచీ దాని మీద నా కన్ను.

ఒరే అబ్బాయీ,

కొట్టువాణ్ణి ఆదివారం రమ్మన్నాను. ఆ పొద్దున నిద్ర పట్టక, ఆఖరిసారి స్టీరింగు పట్టుకుందామని మసక వెలుతుర్లోనే షెడ్డుకి వెళ్లాను. కారు కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి. దొంగనుకుని గొడుగు ఎత్తాను. తీరా చూస్తే మీ పెద్దమ్మ, చేతిలో ఎర్రగా తడిసిన గుడ్డ. రోజూ నేను లేచేలోగా ఆ మరకలు తుడిచేస్తోందట. మన వీధి మెకానిక్ వచ్చి, గేరుబాక్సు అడుగు చాంబరుకి ఆయిలు కారుతున్న పాత ప్యాకింగు మార్చాడు, అంతే జబ్బు. ఇప్పుడు లివరు లాగీ లాగకముందే కదులుతోంది. గుండెల మీంచి కారంత బరువు దిగిందిరా. సాయంత్రం వచ్చిన కొట్టువాణ్ణి అందులోనే వాళ్లింటి దగ్గర దింపి వచ్చాను. గడియారం మీద ఆశ వదులుకో.

పెదనాన్న

తా.క. ఇది పెద్దమ్మ రాస్తున్నది. మరక కంటపడితే మీ పెదనాన్న బండి అమ్మేస్తారని భయపడ్డాను నాయనా. సవతే అనుకో, ఇన్నేళ్లూ ముందు సీటు నాదే.