వాకిటి ఆలివ్ దండ

మిలేతు

ప్రియమైన నాన్నకు,

ఒక్క ఏడాది అని చెప్పి సూసాకు వెళ్లావు. పారసీక మహారాజుగారి స్తంభాలు చెక్కడానికి భూమ్మీద నువ్వు తప్ప ఇంకెవరూ లేనట్టు అక్కడే ఉండిపోయావు. నాకు నెల తప్పింది. మా అత్తగారు అప్పుడే "మగపిల్లాడే, నా మాట చూసుకో" అంటోంది. మగపిల్లాడైతే మన ఆచారం ప్రకారం నీ పేరే. హెర్మోన్ అని పిలిస్తే ఈ ఇంట్లో ఇద్దరు పలకాలని నా కోరిక.

అమ్మ నన్ను కని కన్నుమూసింది కదా. నాకు భయంగా ఉంది. పురిటికి నువ్వు దగ్గర ఉండాలి నాన్నా.

నీ కూతురు,
ఫిలిన్న

సూసా

నా చిట్టితల్లి ఫిలిన్నకు,

నీ ఉత్తరం అందిన రోజు పని సాగలేదు. ఇక్కడి మేస్త్రీ బగపాత పారసీకుడు. మనిషి మంచివాడే, నోరే పెద్దది. "ఏం ముసలాయనా, రాయిని నువ్వు చెక్కుతున్నావా, నిన్ను రాయి చెక్కుతోందా?" అన్నాడు. తాతనవుతున్నానని చెప్పాను. "అయితే ఈ స్తంభాల వరస నిలబెట్టేసి పో. నేను ఆపను" అన్నాడు. ఇంకొక్క వరసే. స్తంభాలు ఎత్తేటప్పుడు తాళ్లు తెగుతున్నాయి, అదే బెంగ.

నువ్వు పుట్టినప్పుడు మేకపాలలో గుడ్డ ముంచి నీ నోట్లో పిండింది నేనే. పొత్తిళ్లలో చుట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. నీ బిడ్డకూ నేనే చుడతాను. దిగులు పెట్టుకోకు, బయల్దేరుతున్నాను.

మీ నాన్న,
హెర్మోన్

మిలేతు

ప్రియమైన నాన్నకు,

ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వను. రేపు నీ సమాధి రాయి నిలబెడతారు, దాని కింద పెడతాను.

నీతోపాటు సూసాలో పనిచేసిన డెక్సియోస్ తిరిగొచ్చి నీ ఉలి నా చేతిలో పెట్టాడు. తాడు తెగి స్తంభం కూలిందట. "మీ నాన్న రాళ్లకింద పడటం కళ్లారా చూశానమ్మా. ఆగే ధైర్యం లేక పారిపోయి వచ్చేశాను" అని ఏడ్చాడు. శవం లేకపోయినా కర్మ జరగాలి, లేకపోతే నీ ప్రాణం దిక్కు తెలియక తిరుగుతుందన్నారు పెద్దలు. ఇవాళ ఊరి బయట గొయ్యి తీసి నీ బదులు ఉలిని పడుకోబెట్టాం. నా జుట్టు కత్తిరించి అందులో వేశాను. మూడుసార్లు నిన్ను పేరు పెట్టి పిలవాలన్నారు. మూడోసారి పేరు బదులు నాన్నా అనే పిలిచాను.

అక్కణ్ణుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి నడుము లాగేస్తోంది. ఇంకా నెలలు నిండలేదు. బయల్దేరుతున్నానన్నావు కదా నాన్నా.

నీ కూతురు,
ఫిలిన్న

మిలేతు, ఊరి గోడ అవతల

నా చిట్టితల్లికి,

చేతిరాత చూసి జడుసుకోకు. నేను బతికే ఉన్నాను. బగపాత రాళ్లు తొలగించి నన్ను బయటికి లాగాడు. ఒక కాలు కుంటిదయింది, అంతే. ఇప్పుడు కుమ్మరి ముసలమ్మ పాకలో ఉన్నాను. ఆమెకు బొత్తిగా చెవుడు. నేను చచ్చానన్న కబురు చెవిన పడలేదు కాబట్టే ఇంత కూడు పెడుతోంది.

ఊరి ద్వారం దగ్గర నన్ను చూసి జనం పరుగు తీశారు. పూజారి మాత్రం దూరంగా నిలబడి, "నీకు కర్మ జరిగిపోయింది హెర్మోన్. నువ్వు గుమ్మం దాటి ఇంట్లోకి రాకూడదు, గుడి మెట్టు ఎక్కకూడదు" అన్నాడు.

"మరి నన్నెక్కడికి పొమ్మంటారు?"

"మళ్లీ పుట్టాలి. కప్పు తీసి నిన్ను ఇంట్లోకి దించాలి. నీ ఇంటి ఆడది పసిబిడ్డను కడిగినట్టు కడిగి, పొత్తిళ్లలో చుట్టి, తన పాలు పట్టి, పేరు పెట్టాలి. వేరే దారి లేదు."

అరవై ఏళ్లవాణ్ణి. నా సిగ్గు సంగతి అలా ఉంచు. గుట్ట మీంచి మీ ఇల్లు చూశాను. తలుపుకి ఆలివ్ దండ కట్టి ఉంది. మగపిల్లాడన్నమాట. నా ప్రాణం లేచొచ్చింది. ఆ పాలు వాడివి. పైగా కర్మ జరిగినవాడి నీడ అదే పేరున్న పసివాడి మీద పడకూడదంటారు. ఆ పాపం నాకొద్దు. సూసాకే పోతాను. అక్కడ ఎవరూ నన్ను చచ్చినవాడనరు.

నా సమాధి రాయి కూడా చూశాను. ఎవడు చెక్కాడో గాని అక్షరాలు తాగినవాళ్లలా తూలుతున్నాయి. మనవడికి నడక వచ్చాక తాత గురించి చెప్పు.

మీ నాన్న,
హెర్మోన్

మిలేతు

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం చదివాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆ అక్షరాలు చెక్కింది నీ అల్లుడే. ఇప్పుడు కప్పెక్కి పెంకులు తీస్తున్నాడు. "మీ నాన్న ఇందులో దూరతాడా, ఇంకో వరస తీయనా?" అని పైనుంచి అడుగుతున్నాడు. ఇక సూసా మాట ఎత్తకు.

దండ చూశావు. అది ఎండిపోయిందని అంత దూరం నుంచి నీకు కనబడి ఉండదు. నీ సమాధికి రాయి నిలబెట్టిన రోజే వాడు పుట్టాడు. పిడికెడంత ఉన్నాడు. పేరు పెట్టే పదో రోజు దాకా ఆగలేదు. దండ తీసేయమని అత్తగారు పోరుతూనే ఉంది, నాకే చేతులు రాలేదు.

నువ్వు ఎవరి పాలూ లాక్కోవడం లేదు నాన్నా. నీ నీడ పడటానికి ఇక్కడ ఎవరూ లేరు. పాలు మాత్రం ఇంకా వస్తున్నాయి. పిండి పెరటి గోడ అవతల పారబోస్తున్నాను. నువ్వు నాకు పట్టినట్టే గుడ్డ ముంచి నీకు పడతాను. నువ్వు సిగ్గుపడకు, నేనూ పడను.

వాడికని నేసిన పొత్తిగుడ్డ నీకు చాలదు. గుండె మీదైనా కప్పుతాను. వాడికని ఉంచిన పేరు ఇంకా ఎవరికీ పెట్టలేదు.

రేపు పొద్దున నీళ్లు కాచి ఉంచుతాను. నిచ్చెన వేసి ఉంటుంది. కుంటికాలు జాగ్రత్త. గుమ్మం వైపు రాకు.

రేపటి నుంచి నీ అమ్మ,
ఫిలిన్న