మహమూద్ వాళ్ళ కాలువ

యాన్బు, సౌదీ అరేబియా, మంగళవారం రాత్రి

సూయజ్ కాలువ దాటే వరుసలో ఓడ ఆగిపోయి మా సైటులో పైపులకి బిగించాల్సిన వాల్వులు ఇంకా రాలేదు. మధ్యాహ్నం అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. ఫిట్టరు సత్తిబాబు ఈజిప్టు మహమూద్‌ని ఆటపట్టించాడు.

"ఏం భాయ్, మీ కాలువకి తాళం వేసేశారా?"

అందరూ నవ్వారు. నేనూ ఊరుకోలేదు.

"ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్నప్పుడే నయం. వీళ్ళకెందుకు వదిలారో!" అన్నాను హిందీలో, అతనికి అర్థం కావాలనే.

మహమూద్‌ది ఆ కాలువ ఒడ్డునున్న ఊరే. "అప్పుడు మా తాత అక్కడ వల వేయాలంటే తెల్లోళ్ళ గార్డుని అడగాలి భాయ్," అన్నాడు మెల్లగా.

మా ఊరి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పోర్టువాళ్ళు గేటు పెట్టి అన్నయ్య పడవకు పాసు అడుగుతున్నారని పోయిన వారమే అతనికి చెప్పాను. "మీ నీళ్ళకి వాళ్ళ గేటేంటి?" అని నాకంటే ఎక్కువ మండిపడ్డాడు.

అది గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. తప్పయిందని అనాల్సింది. అందరూ చూస్తున్నారని అనలేదు.

రోజూలాగే అతను మాంసం విడదీసి, మెత్తని ముక్క నా వైపు జరిపాడు. తను మాత్రం ఏమీ తినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ముక్క నేను తిన్నాను.