కొత్త కాగితం కింద నేల

తేగు,
నవంబరు చివరి వారం, 2003

చిరంజీవి హన్సోల్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాన్నా ఒకరి మీద ఒకరం విసుక్కునేంత ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వూ మీ సార్జెంటు తిట్లు అరిగించుకునేంత ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. చేతులు పగులుతున్నాయని రాశావు. ఉన్ని చేతితొడుగులు రెండు జతలు పంపుతున్నాను. ఒకటి నీకు, ఒకటి నీ పక్క మంచం అబ్బాయికి. వాడికి అమ్మ లేదన్నావు కదా. కిమ్చి పచ్చడి పెట్టడం అయిందా అని అడిగావు, అయింది. ఈసారి కారం ఎక్కువైంది. మీ నాన్న ముక్కు తుడుచుకుంటూ తింటున్నారు గానీ బాగాలేదని ఒక్క మాట అనడం లేదు. ఈమధ్య ఆయన నా మనసు నొప్పించరు, ఎందుకో చెప్తాను.

మిల్లు మూసేశాక ఆయన రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో బార్లీ నీళ్ళు పోసుకుని కొండెక్కి కూర్చునేవారు, అది నీకూ తెలుసు. ఇప్పుడు కొండ మానేశారు. బోంగ్వా వైపు ఒక ఊళ్ళో పాత ఇల్లు చూసి మనసు పారేసుకున్నారు. "అమ్మ ఆ ఇంటిని ముద్దాయిని నిలబెట్టినట్టు నిలబెట్టి పరీక్షలు చేయిస్తోంది, కొననిచ్చేలా లేదు" అని నీకు రాశారట. ఎందుకమ్మా నీకంత అనుమానం, అని నువ్వు అడిగావు. నిజమే, నాకు అనుమానం. దాని సంగతి రాయడానికి నాకు కాస్త ధైర్యం చిక్కాలి. ముందు ఇల్లు ఎలా ఉందో విను.

చుట్టూ ఆపిల్ తోటలు. పెంకుటిల్లు, వరసగా మూడు గదులు, ముందు చెక్క వసారా. వంటిల్లు కాస్త పల్లంలో ఉంటుంది. అందులో పొయ్యి. పొయ్యిలో మంట పెడితే ఆ వేడీ పొగా పక్క గది నేల కిందున్న రాతి దారుల్లోంచి పాకి, వెనకవైపు పొగగొట్టంలోంచి పోతాయి. నువ్వు పుట్టినప్పటినుంచీ గొట్టాల్లో వేడినీళ్ళు తిరిగే నేల మీద పెరిగావు కాబట్టి నీకిది తెలియదు. మీ నాన్న ఆ గదిలో అడుగుపెట్టగానే పొయ్యివైపు గోడ పక్కన చతికిలబడ్డారు. నేల చల్లగానే ఉంది. అయినా అరచేత్తో దాన్ని రాస్తూ, "చలికాలం బడినుంచి రాగానే మా నాయనమ్మ నన్నిక్కడ కూర్చోబెట్టి, నా కాళ్ళు తన చీలమండల మధ్య పెట్టుకునేది" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నోట నాయనమ్మ మాట నేను వినడం అదే మొదలు.

నాకు మాత్రం గుర్తుకు రాలేదనుకున్నావా? మా ఇంట్లోనూ అలాంటి నేలే. పొయ్యి దగ్గర నేల మీద పరిచిన నూనె కాగితం మాడి తేనెరంగుకి తిరిగేది. దుప్పటి కింద మా నాన్న కోసం అన్నం గిన్నె మూతపెట్టి దాచేది మా అమ్మ. అదే దుప్పటిలో కాళ్ళు దూర్చి వేడి చోటు కోసం మేము తన్నుకునేవాళ్ళం. గిన్నె ఒరిగిందా, ఇద్దరికీ వీపు విమానం మోతే. పొద్దున లేచేసరికి ఒక వైపు ఒళ్ళు కాలుతూ, ముక్కు మాత్రం మంచులా ఉండేది. ఆ వెచ్చదనం కోసం ఇప్పటికీ నా ఒళ్ళు తహతహలాడుతుంది, అబద్ధం ఎందుకు.

అందుకే నాకు భయం వేసింది. ముచ్చటపడి కొన్న ఇంట్లో లోపాలు ఎవరి కంటా పడవు. కాబట్టి బయానా ఇచ్చే ముందు ఇంటిని పునాదినుంచి కొప్పుదాకా చూపించాల్సిందే అన్నాను. ఇల్లు అమ్ముతున్నాయన పేరు బాన్. ఆపిల్ రైతు. ఇల్లు ఆయన మేనత్తది, ఆవిడ పోయాక మూడేళ్ళుగా ఖాళీ. నా మాట వినగానే ఆయన మొహం ముడుచుకుంది.

"ఏమ్మా, ఇల్లు కొంటారా, శవపరీక్ష చేస్తారా? మా ఊళ్ళో మాట మీద ఎడ్లు చేతులు మారతాయి" అన్నాడు.

"ఎద్దుకైతే పళ్ళు చూస్తారు కదండీ. ఇంటికి పళ్ళెక్కడున్నాయో తెలియక మేస్త్రిని తెచ్చుకుంటున్నాను" అన్నాను. మీ నాన్న ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

పాత ఇళ్ళు బాగుచేసే ప్యో అనే వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. మనిషి వాగుడుకాయ. మధ్యాహ్నం అన్నంలోకి సోజు సారా లేకపోతే నిచ్చెన ఎక్కడు. కానీ చూడటం మాత్రం బాగా చూశాడు. అటక మీదకి పాకి టార్చి వేసి వాసాలన్నీ తడిమాడు. ప్రతి స్తంభాన్నీ సుత్తితో తట్టి చెవి ఆనించాడు. గుమ్మం దగ్గర దారానికి రాయి కట్టి వేలాడదీసి, ఇల్లు తూర్పుకి ఒరిగిందని తేల్చాడు. "ఈ వయసులో ఎవరు ఒరగరమ్మా? పెంకుల బరువు సర్దితే నిలబడుద్ది" అన్నాడు.

వెనకవైపు స్తంభం దగ్గర మాత్రం వాగుడు ఆపేశాడు. దాని పాదం చుట్టూ సిమెంటు పోసి ఉంది. ప్రభుత్వం ఊరూరా సిమెంటు బస్తాలు పంచిన రోజుల్లో జనం ఉత్సాహం ఆపుకోలేక కనబడ్డ చోటల్లా పోశారు, ఇదీ ఆ పుణ్యమే. రాతి మీద గాలికి ఆరాల్సిన కొయ్య సిమెంటులో నాని కుళ్ళింది. ప్యో పొడిస్తే బాడిస చివర పిట్టులా రాలింది. పాదం కోసి కొత్త కొయ్య అతకాలన్నాడు. బాన్ ధరలో అంత తగ్గించడానికి ఒప్పుకున్నాడు. మీ నాన్న మొహం వికసించింది. ఇక అంతా అయిపోయినట్టే అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు.

"నేల చూడలేదు" అన్నాను.

"నేను కొయ్య మనిషినమ్మా, నేలతో నాకేం పని?" అన్నాడు ప్యో. "అయినా చూశారుగా, అద్దంలా ఉంది."

అద్దంలానే ఉంది. నూనె పూసిన కొత్త కాగితం, పచ్చగా మెరుస్తోంది. మూల నుంచి మూలకి ఒక్క ముడత లేదు. "మీరొస్తారనే వేయించాను. ఖర్చు నాదే" అన్నాడు బాన్ సంబరంగా. పాపం, మంచి ఉద్దేశంతోనే చేశాడు. కానీ ఆ మెరుపు కింద ఏముందో చూడందే కదలకూడదనుకున్నాను.

"పొయ్యిలో పచ్చి దేవదారు మండలు వేసి పొగ పెట్టించండి" అన్నాను. పెట్టారు. గదిలోకి ఏమీ రాలేదు. బాన్ చేతులు కట్టుకుని నా వైపు చూశాడు.

"ఇప్పుడు కాగితం లేపండి" అన్నాను.

ఆయన మొహం కందగడ్డయింది. "ఇంకా కొనని ఇంట్లో, నిన్నగాక మొన్న వేసిన కాగితం చింపుతారా? మా అత్త నలభయ్యేళ్ళు ఈ గదిలోనే పడుకుంది. ఒక్కరోజు తలనొప్పన్నది లేదు."

మీ నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. "హన్సోల్ అమ్మా, ఇక చాలు. నలుగురిలో నన్ను తలెత్తుకోనీ" అన్నారు. పెళ్ళయ్యాక పరాయివాళ్ళ ముందు నన్ను మందలించడం ఆయనకి అలవాటు లేదు. ఆయన్ని వసారా చివరికి తీసుకెళ్ళి, ఎవరికీ చెప్పని మాట అక్కడ చెప్పాను. నీకూ ఇప్పుడు చెప్తున్నాను.

నాకు తోడబుట్టినవాళ్ళు లేరనే కదా నీకు తెలుసు. హన్సోల్, నీకు ఒక పెద్దమ్మ ఉండేది. పేరు ఒక్‌బున్. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పైన నేను రాసిన దుప్పటిలో నన్ను తన్నింది ఆవిడే. వేడి చోటు కోసం ఎంత తన్నుకున్నా, నేను నిద్రపోయాక నన్ను అటు దొర్లించి తను చల్లటివైపు పడుకునేదని మా అమ్మ చెప్పేది. పందొమ్మిదేళ్ళకి సియోల్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. కొండవాలు మీద ఒక అద్దె గది తీసుకుంది. ఆ రోజుల్లో పొయ్యిల్లో బొగ్గు దిమ్మలు కాల్చేవారు. దాని విషగాలికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నేలలో వెంట్రుకంత పగులు చాలు, పైన కాగితం పొగని ఆపినా ఆ గాలి గదిలోకి పాకుతుంది.

ఆవిడ ఇంటికి రాసిన ఆఖరి ఉత్తరం నాకు కంఠతా వచ్చు. "గది చాలా బాగుంది చెల్లీ, నేను వస్తున్నానని ఇంటివాళ్ళు నేలకి కొత్త కాగితం వేయించారు" అని రాసింది. ఆ ఉత్తరం మేము పదిమందికి చూపించుకున్నాం. ఆ కాగితం కిందే పగులు ఉంది. ఆ చలికాలం దాటలేదు.

పెళ్ళికాకుండా పోయినవాళ్ళకి మనలో తద్దినాలు పెట్టరు. ఏటా ఒకరోజు తలుచుకునే వీలు కూడా లేకపోయింది. ఇంట్లో ఆ పేరెత్తొద్దని మా అమ్మ గట్టిగా చెప్పింది. నేనూ నోరు కట్టుకున్నాను. అలా కట్టుకుని కట్టుకుని, నాకొక అక్క ఉండేదన్న సంగతి ఈ లోకంలో నా ఒక్కదానికే తెలిసిన రోజు వచ్చేసింది. మా అమ్మ పోయిన రోజు నాకు రెండుసార్లు ఎందుకు ఏడుపొచ్చిందో మీ నాన్నకి ఇప్పుడు అర్థమైంది.

ఆయన వసారా మీద బూట్లు విప్పి గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గోళ్ళతో మూలనుంచి ఆ కొత్త కాగితాన్ని ఒక్క పట్టున లాగేశారు. బాన్ "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నాడు. కాగితం లేచింది. గోడవారన, సరిగ్గా దిండు పెట్టే చోట, మట్టి నేలలో జానెడు పొడవున పగులు. అందులోంచి పొగ సన్నగా, తీరిగ్గా పైకి వస్తోంది.

"మా అత్త మరి..." అన్నాడు బాన్ ఆ పొగ వంక చూస్తూ.

"మీ అత్త తలుపు చట్రానికి అంటించిన కాగితం చిరుగులు ఏనాడైనా అతికించిందా?" అని అడిగాడు ప్యో.

"లేదు. పరమ బద్ధకం."

"ఆ చిరుగుల్లోంచి గాలి ఆడింది. ఆ బద్ధకమే కాపాడింది."

నవ్వొచ్చిందిగానీ ఎవరం నవ్వలేదు. బాన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, కాగితం వేయించేటప్పుడు కింద చూడాలని నాకు తట్టలేదు" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ సియోల్ ఇంటివాళ్ళకి కూడా తట్టలేదేమో అని మొదటిసారి అనిపించింది.

ఇల్లు వద్దనేస్తారనుకున్నాను మీ నాన్న. నిజానికి ఇంటికి తిరిగొచ్చే బస్సులో అదే అన్నారు. "పోనీలే, వేడినీళ్ళ గొట్టాలున్న ఇల్లే ఇంకోటి చూద్దాం. నీకు నిద్ర పట్టని ఇల్లు నాకెందుకు" అని కిటికీలోంచి బయటికి చూశారు. నాయనమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు. అది చూసి నేనే, "నేల మొత్తం తవ్వి రాళ్ళతో సహా కొత్తగా పరిస్తే చూద్దాం, మాసిక వేస్తే మాత్రం ఒప్పుకోను" అన్నాను.

తవ్వించాం. దానికి వేరే పనివాణ్ణి ప్యో తెచ్చాడు. మట్టి తొక్కడానికి బాన్ తనే ప్యాంటు మడిచి దిగాడు. ఎవరూ రమ్మనలేదు, ఎందుకొచ్చావని ఎవరూ అనలేదు. నేల నెమ్మదిగా ఆరింది. ఎన్నిసార్లు పొగ పెట్టించానో లెక్కలేదు. కాగితం వేయకముందే, బోసి మట్టి మీద. పొగంతా గొట్టంలోంచే పోయింది. ప్యో కొవ్వొత్తి పట్టుకుని అంచులన్నీ తిరిగాడు, ఎక్కడా పొగ జాడ లేదు.

"ఇక సంతకం పెడదామా అమ్మా?" అన్నాడు బాన్.

"ఇంకొక్కటి మిగిలింది. పొయ్యి మండుతూనే ఉండనివ్వండి. నేను లోపల పడుకుంటాను" అన్నాను.

"నేను పడుకుంటాను" అన్నారు మీ నాన్న.

"మీరు గురకపెడితే కొత్త నేల బీటలు వారుతుంది" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మధ్యాహ్నం వేళ. చాప పరుచుకుని, మునుపు పగులున్న చోటే తల పెట్టుకున్నాను. ఆయన బయట చలిలో తలుపుకి వీపు ఆనించి కూర్చుని, "పడుకున్నావా?" అని అడుగుతున్నారు. "పడుకోనిస్తే కదా" అన్నాను. మళ్ళీ కాసేపటికి, "పడుకున్నావా?" వేడి మెల్లగా వీపులోకి ఎక్కింది. ముక్కు చల్లగా ఉంది. అక్కా, అని పైకే అన్నాను. ఆ మాట అని ముప్ఫై ఏళ్ళయింది. ఏడుస్తూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి తల తేటగా ఉంది, ఆకలి దంచేస్తోంది. తలుపు తీస్తే మీ నాన్న పెదాలు నీలమై ఉన్నాయి. నన్ను చూసి ఆయన కళ్ళు తుడుచుకుని, చలికి నీళ్ళొస్తున్నాయని చెప్పారు. నమ్మినట్టు తలూపాను.

ఆ సాయంత్రమే సంతకాలు పెట్టాం.

ఫిబ్రవరిలో సెలవు దొరుకుతుందన్నావు. తేగుకి రావద్దు, తిన్నగా బోంగ్వా బస్సెక్కు. నువ్వు పడుకునేది ఆ పొయ్యి గదిలోనే. అందుకే ముందు నేను పడుకుని లేచాను.

ఇట్లు,
నిన్ను కన్నది, నీ ఒక్‌బున్ పెద్దమ్మకి చెల్లెలు,
మీ అమ్మ