సాన్ బర్నబో సందులో వల వెనక ఉండిపోయిన ఎండ

పాత రేవు పేట,
అక్టోబరు 17.

నగరపాలక సంఘం, కట్టడాల విభాగపు అధికారి వారి సమక్షమునకు,

సాన్ బర్నబో సందు తొమ్మిదో నంబరు ఇంట్లో నాలుగో అంతస్తు కాపురస్థుడు, రేవు గిడ్డంగిలో తూకాల గుమాస్తాగా చేసి విరమించిన అర్మాండో పరోడి వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఇంటి ముందరి పరంజాకు కట్టిన వలను తీయించుట, అది వీలుపడనిచో ఒక కుర్చీ పట్టేంత మేర కోసుకొనుటకు అనుమతి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. గోడ మరమ్మతుకని గత ఏడాది ఆగస్టులో మా ఇంటికి పరంజా కట్టారు. సెప్టెంబరు చివర పనివాళ్లు వెళ్లిపోయారు. వెళుతూ రంగు వేయడానికి విప్పిన మా బాల్కనీ ఇనుప కమ్మీలను కూడా పట్టుకుపోయారు. వాటి బదులు ఒక తాడు కట్టారు. కంట్రాక్టరు ఫోను మోగుతుంది, ఎవరూ తీయరు. పరంజా, దాని మీది బూడిదరంగు వల మిగిలాయి.

2. మా సందు వెడల్పు రెండు మీటర్ల ముప్పై. రెండు వైపులా ఆరంతస్తుల ఇళ్లు. ఎండ పదకొండుంపావుకు దిగి గంటలోపే వెళ్లిపోతుంది. ఆ గంటసేపు సందుకు అడ్డంగా కట్టిన తాళ్ల మీద ఎవరూ బట్టలు ఆరవేయరు. ఇది ఎక్కడా రాసిన నియమం కాదు. మా అమ్మ కాలం నుంచి ఉన్నదే. మరచిపోయి ఎవరైనా దుప్పటి వేస్తే మూడో అంతస్తు టెక్లా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరమ్మా అది, సూర్యుడికి లంగోటీ కట్టింది? తియ్యి, తియ్యి!" అని అరుస్తుంది. దుప్పటి వెనక్కి పోతుంది.

3. నా భార్య నీవెస్‌కు డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆరేళ్లుగా మెట్లు దిగలేదు. ఇంటికి లిఫ్టు లేదు. ఆ గంట బాల్కనీలో కుర్చీ వేసుకుని, వంటలోకి బెసిలికో తులసి ఆకులు తుంచుతూ, చేతులు ఎండలోకి చాపుకుని కూర్చునేది. నేను రోజూ గాలి, వాన, ఎండ నోటుపుస్తకంలో రాస్తాను. గిడ్డంగిలో పట్టిన అలవాటు. గత ఏడాది జూన్‌లో ఆమె ఎండలో కూర్చున్నది మొత్తం ఇరవై రెండు గంటల పది నిమిషాలు. ఈ జూన్‌లో ఏమీ లేదు. జూలైలో ఏమీ లేదు. తక్కిన పేజీలు జతపరచడం లేదు. అన్నీ అలాగే ఉన్నాయి.

4. మా వైద్యురాలు డాక్టర్ గాజ్జోలో ఇంటికి వచ్చి చూశారు. "ఎముకలకు చుక్కల మందు రాస్తాను, సిన్యోర్ పరోడి. అది పనిచేస్తుంది. కానీ ఇది పగలు, ఇది రాత్రి అని ఒంటికి చెప్పేది వెలుగే. రోజూ కాసేపు ఆరుబయట కూర్చోబెట్టండి. నిద్ర దారిలో పడుతుంది, మనసూ కాస్త తేలికపడుతుంది" అన్నారు.

"కిటికీ దగ్గరే కూర్చోబెడుతున్నాను, డాక్టరుగారూ."

"కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"వల."

ఆమె రాయడం ఆపి వల వైపు చూశారు. చుక్కల మందు సీసాలో దొరుకుతోంది, రోజూ వేస్తున్నాను. మధ్యాహ్నం ఏ సీసాలోనూ దొరకడం లేదు.

5. మే నెల నుంచి నీవెస్ పగలంతా కునుకుతోంది, రాత్రంతా మేలుకుని ఉంటోంది. ఒకరోజు చర్చి గంటలు పన్నెండు కొట్టగానే లేచి కిటికీ తలుపులు మూసింది.

"పడుకుందాం పద, అర్ధరాత్రి అయింది."

"మధ్యాహ్నం, నీవెస్. ఇంకా భోజనమే కాలేదు."

"నీకు వేళాకోళం ఎప్పుడూ పోదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

6. గత మంగళవారం ఫొకాచ్చా రొట్టె తేవడానికి కిందికి వెళ్లి పద్దెనిమిది నిమిషాల్లో తిరిగివచ్చాను. కుర్చీ ఖాళీగా ఉంది. బాల్కనీకి కట్టిన తాడు కింద పడి ఉంది. నీవెస్ బయట, పరంజా పలకల మీద, రాత్రి గౌనుతో, ఇంటి చెప్పులతో నిలబడి రెండు అరచేతులతో వలను తడుముతోంది. ఆమెకు రెండడుగుల అవతల ఒక పలక లేదు. ఆ ఖాళీలోంచి కింద వీధి రాళ్లు కనిపిస్తున్నాయి.

"నీవెస్."

"ఉండు. ఇక్కడెక్కడో తలుపుండాలి. నిన్నటిదాకా ఉంది."

"లోపలికి రా."

"నువ్వు పద. నేను కాస్త ఎండ కాచుకుని వస్తా."

టెక్లా కింది కిటికీలోంచి పైకి చూసింది. శిలువ గుర్తు వేసుకుంది. నేను చెయ్యి చాపాను. ఎంతసేపటికి ఆమె ఆ చెయ్యి పట్టుకుందో పుస్తకంలో రాయలేదు.

ఆ రోజు నుంచి బాల్కనీ తలుపుకు, పక్కనున్న కిటికీ తలుపులకు తీగె చుట్టి బిగించాను. ఇప్పుడు ఆమెకు వల వెలుగు కూడా లేదు. తీగె విప్పాలన్నా భయం, ఉంచాలన్నా భయం.

7. తమ కార్యాలయంలో పాత కాగితాలు తీస్తే ఎలాగూ బయటపడుతుంది కనుక నేనే చెప్పుకుంటున్నాను. మొదట కట్టిన వల పలచనిది. ఎండ బాగానే దిగేది, కానీ సున్నం దుమ్ము కూడా దిగి దుప్పట్ల మీద పడేది. సందులోని పదకొండు మంది ఆడవాళ్లు మా గుమ్మంలోకి వచ్చారు. "నువ్వైతే నాలుగు పెద్ద మాటలు పెట్టి రాస్తావు, అర్మాండో. మా దుప్పట్లకు న్యాయం చెయ్యి" అంది టెక్లా. 'దుమ్ము సైతం దూరజాలనంత చిక్కని వల' కావాలని అర్జీ రాసింది నేనే. మొదటి సంతకం నీవెస్‌ది. తమ కార్యాలయం పదకొండు రోజుల్లో మంజూరు చేసింది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని అందరం వైన్ తాగాము. ఆగస్టు వెలుగులో కూర్చుని ఎండ గురించి ఎవరికీ తోచలేదు. ఏనాడూ కాగితం మీద పెట్టి అడగవలసి వచ్చిన వస్తువు కాదు అది.

"దుప్పట్లు తెల్లగానే ఉన్నాయిలే, మనమే పాలిపోయాం" అంటోంది టెక్లా ఇప్పుడు.

8. నవంబరు పన్నెండు దాటితే సూర్యుడు ఎదురింటి కప్పు మీదికి రాడు. మళ్లీ ఫిబ్రవరిలోనే. అంటే నేటికి ఇరవై ఆరు రోజులున్నాయి. అవి కూడా పోతే చలికాలమంతా ఆమె ఏ వేళలో ఉంటుందో, ఎక్కడ తలుపు వెతుకుతుందో నాకు తెలియదు. నాకు ఎనభై ఒకటి. నేనూ నిద్రపోతాను.

కావున తమరు ఈ సంగతులు చిత్తగించి, ఆ రోజులు గడిచిపోకముందే ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొను,

తమ విధేయుడు
అర్మాండో పరోడి

తా.క. అయ్యా, ఈ కాగితం మడిచాక ఒక పని చేశాను. పదకొండుంపావుకు తీగె విప్పి, పలకల మీదికి వెళ్లి, కత్తెరతో వలను కోశాను. అనుమతి లేకుండానే.

"ఎవరది కోస్తోంది?" అని కిందినుంచి కేక.

"నేనే, టెక్లా."

"ఇంకో మూర కిందికి కొయ్యి, నేనూ మనిషినే!"

కోశాను. నీవెస్‌ను బాల్కనీలో కూర్చోబెట్టాను. ఎండ ఒళ్లో పడగానే కళ్లు మూసుకుంది. "వేళెంతయింది?" అంది. "పదకొండున్నర, పగలు" అన్నాను. నమ్మింది. టెక్లా మెట్లెక్కి వచ్చింది, ఈ అర్జీని తానే తమ కార్యాలయానికి తెస్తానని గుమ్మంలో నిలబడి ఉంది.

కానీ ఎండ ఒక్కచోట నిలవడం లేదు. అది కమ్మీలు లేని అంచు దాటి పలకల వైపు జరుగుతోంది, దానితో పాటు నీవెస్ కూడా కుర్చీ అంచుకు జరుగుతోంది. వద్దంటే వినడం లేదు. లోపలికి లాగాలంటే చేతులు రావడం లేదు. పదమూడు నెలల తర్వాత ఆమె ముఖం ఇలా ఉంది. ఒక చేత్తో ఆమె గౌను పట్టుకుని రెండో చేత్తో ఇది రాస్తున్నాను. వల కోసినందుకు ఏ శిక్ష అయినా వేయండి. ఈ రోజే ఎవరినైనా పంపండి. వచ్చేదాకా నేను వదలను.