ఏడవకూడని సాయంత్రం

2006 నవంబర్ 1, బుధవారం. అల్ అజీజియా, నర్సుల క్వార్టర్స్

సునీత వాళ్ళమ్మ పోయింది. ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా చేతికొచ్చేలోపే ఊళ్ళో మట్టి చేసేశారట. ఎదురు గదే... వెళ్ళాను. భుజం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

నవంబర్ 2, గురువారం

"రేపు మీ ప్రార్థనలో కూర్చుంటానక్కా" అంది సునీత. మేము యూదులమని ఈ బిల్డింగులో తనకొక్కదానికే తెలుసు. ఈ అరబ్బు దేశంలో ఈ మాట రాయాలన్నా భయమే.

ప్రార్థన దగ్గర నా రూమ్మేట్ మిరియం అక్క మాటే చెల్లుతుంది. ఉన్న ఇద్దరిలో పెద్ద తనే. "రానీవే. దుఃఖంలో ఉన్న పిల్లని కాదంటామా?" అంది. ప్రాణం లేచొచ్చింది.

నవంబర్ 4, శనివారం. చీకటి పడ్డాక

శుక్రవారం పొద్దుగూకినప్పుడు మొదలైన సబ్బాతు, మా విశ్రాంతి దినం, ముగిసింది. సబ్బాతున రాయకూడదు, ఇప్పుడే పెన్ను పట్టాను.

నిన్న కర్టెన్లు మూసి, పొద్దుగూకగానే వినబడే మగ్రిబ్ అజాన్ లోపే దీపాలు వెలిగించాం. అక్క ఆశీర్వాదం గొణుగుతోంది. దీపం చూస్తూ చూస్తూ సునీత ఒక్కసారిగా "అమ్మా" అని శోకాలు పెట్టింది.

అక్క తన చెయ్యి పట్టుకుంది. "ఇయ్యాళ వద్దమ్మా. సబ్బాతున మాకు చావు ఏడుపు ఉండదు. రేపు చీకటి పడ్డాక నేనూ నీతో ఏడుస్తా."

మెత్తగానే అంది. సునీత చున్నీ సర్దుకుంది. "సారీ అక్కా, నాకు తెలీదు." ప్రార్థన తర్వాత తుంచుకునే రొట్టె కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

పుట్టినప్పటినుంచీ పాటిస్తున్న సంగతి — ముందే చెప్పాలని మా ఇద్దరికీ తట్టనే లేదు.

నవంబర్ 5

నిన్న రాత్రి, అక్క మాటిచ్చినట్టే, సునీత తలుపు కొట్టాం. "డ్యూటీకి టైమైంది" — లోపల్నుంచే.

నవంబర్ 7

అక్కతో పోట్లాట. సునీత ఏడుపు గోడ అవతలికి వినబడుతుందని భయపడి ఆపావన్నాను.

"భయం లేదని ఎవరన్నారు? భయం లేకపోయినా ఆపేదాన్నే. మా నాన్న శుక్రవారం పోయాడు. శనివారం చుక్కలు పొడిచేదాకా మా అమ్మ కన్ను తడపలేదు. ఆ మాత్రం నిలబెట్టుకోకపోతే ఈ దేశంలో మనకింకేం మిగులుద్దే?"

నా కోపం మాత్రం పోలేదు.

నవంబర్ 9

వార్డులో సునీత నన్ను చూసి నవ్వింది. పేషెంటు బంధువుల్ని చూసి నవ్వే నవ్వు. నాకు ఏడుపొచ్చింది.

నవంబర్ 11, శనివారం. చీకటి పడ్డాక

నిన్న దీపాల వేళకి సునీత గదికి వెళ్ళాను. నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. అజాన్ వినబడింది, దీపాల వేళ దాటిపోయింది... కదల్లేకపోయాను.

తిరిగొచ్చేసరికి అక్క నా కోసం రొట్టె తుంచకుండా కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను.

"ఏడ్చిందా?"

"ఊఁ."

"ఏమన్నా తిన్నదా?"

నేను అడగనేలేదు.

అక్క తలమీద కొంగు తీయకుండానే సగం రొట్టె పళ్ళెంలో పెట్టుకుని ఎదురు గది తలుపు దగ్గరికి వెళ్ళింది. "సునీతా, నేనమ్మా..." తలుపు కింద సందులోంచి లోపలి లైటు కనబడుతూనే ఉంది. అక్క పళ్ళెం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తలుపు తెరుచుకోలేదు.