నేల గడ్డకట్టింది, ఆట రద్దు

హ్యూ, పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరుగారితో “తాగుడే మా నాన్న మతి చెడగొట్టింది” అన్నావు. తప్పు. మీ నాన్న చుక్క ముట్టి ఎరగడు. ఫుట్‌బాల్ ఆటలో వానకు తడిసి ఇటుకంత బరువెక్కిన తోలు బంతిని ఏళ్ళ తరబడి నుదుటితో కొట్టాడు. మతి అక్కడ పోయింది.

ఎయిర్‌షైర్‌లో కాపురముంటున్న, ఒకప్పటి బడిపంతులమ్మ గ్రిజెల్ లోగన్ అనే నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా. గడ్డ నా కడుపులో ఉంది, తలలో లేదు.

1. ఆయన వేల్స్ మీద దేశం తరఫున ఆడిన ఒకే ఒక్క ఆటకు ఇచ్చిన కుచ్చు టోపీ కొడుకు హ్యూకు. నాన్నను చూడ్డానికి తీరిక లేకున్నా బార్‌లో గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

2. క్లబ్బువారు ఆయనకిచ్చిన గోడ గడియారం తిరిగి క్లబ్బుకే. 1931లో జీతం తగ్గిస్తే ఆయన సంతకం పెట్టనన్నాడు. వాళ్ళు ఆడనివ్వలేదు, వదల్లేదు. పేరు తమ జాబితాలో అట్టేపెట్టుకుంటే ఇంకే జట్టూ తీసుకోకూడదు. మళ్ళీ బొగ్గు గనిలోకి దిగాడు. చివరికి తల వంచాడు. ఆ తలనే ఇంకొన్నాళ్ళు వాడుకున్నారు.

3. ఇల్లు మనవరాలు నెటాకు, ఒక షరతు మీద.

ప్రతి శనివారం ఆయన బూట్లు పట్టుకుని ఆటకని పాత మైదానానికి వెళ్తాడు. అదిప్పుడు బస్సు డిపో. గేటు కాసే శాండీ ఉన్నన్నాళ్ళూ “నేల గడ్డకట్టింది వాటీ, ఆట రద్దు. ఇంటికెళ్ళి సూప్ తాగు పో” అనేవాడు. నడివేసవిలోనూ అదే మాట. ఈయన చెమట తుడుచుకుంటూ చలిని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాడు. శాండీ పోయాక ఆ మాట నేను చెబుతున్నాను. పోయిన నెల మంచం దిగలేకపోయాను. ఆయన కదిలే బస్సుల మధ్యకు వెళ్ళిపోయాడు.

నెటా, “నాకు అబద్ధాలు రావు నాయనమ్మా” అన్నావు. తపాలాఫీసులో కూర్చుని అడిగినవాళ్ళందరికీ “ఉత్తరం రేపొస్తుంది” అని చెబుతూ, రావంటే ఎలాగే? ముందు మడమతో నేలను తన్ని చూడు, శాండీ లాగా. నవ్వావో, ఆయన నమ్మడు.

4. హ్యూ, నువ్వు తెచ్చిన పిచ్చాసుపత్రి కాగితాలు పొయ్యిలో వేశాను. మళ్ళీ తెస్తావని తెలుసు. అక్కడ తలుపుకు తాళం వేస్తారు, ఆట రద్దయిందని ఎవరూ చెప్పరు. ఆయన చచ్చేదాకా ఆ తలుపు బాదుతూనే ఉంటాడు. బతిమాలుతున్నాను. ఎన్నడూ చేయని పని, సరిగ్గా చేతకావడం లేదు.

14 జూన్ 1957, శుక్రవారం
గ్రిజెల్ లోగన్

సాక్షులు: ఎల్స్‌పెత్ టెనెంట్, పక్కింటావిడ
రోరీ మెక్‌గార్వా, పాలు పోసే మనిషి

నెటా, షాపు మూసేలోపు బూట్లకు పూసే కొవ్వు ఒక డబ్బా, పొడుగు లేసొకటి పట్రా. ఎడమ బూటుది తెగింది. రేపు నేను లేవలేను. ఆయనకంటే ముందే గేటు దగ్గర ఉండు. ఎండ బాగా కాస్తుందట. ఉన్ని కోటు వేసుకెళ్ళు.